దీపానికి వచ్చే రెక్కల పురుగులు

 

తొలకరి వాన పడిన రాత్రి మీ ఇంటిముందరి దీపం చుట్టూ ఎన్ని పురుగులు ముసురుకుంటవో మీకు నేను చెప్పనక్కరలేదు. అన్నం తింటూవుంటే కంచంలో పడుతున్నవని దీపం ఆర్పేసేవారు కొందరు. తెల్లవారిన తరువాత చీపురుతో ఊడ్చి ఎత్తిపోసేవారు కొందరు. ఆ ఊడ్చి పారేసే చెత్తలోనే, ఇంకొక వారం పది దినాలకు మీ చేలో ఏ పురుగు పడబోతున్నదో చెప్పే కబురు వున్నది. దానిని చదవటం ఎట్లాగో, చదివితే కలిగే లాభమేమిటో, చదవకుండా మందు డబ్బా ఎత్తుకుంటే వచ్చే నష్టమేమిటో, నందికొండ చుట్టుపట్ల మన నల్లగొండ, పాలమూరు చేలలో కనిపించే పురుగులనే తీసుకొని ఈపూట ముచ్చటించుకుందాం.

మొదట ఒక సంగతి. ఆకు తినే పురుగు వేరు, దీపానికి వచ్చే పురుగు వేరు అని మనలో చాలామంది అనుకుంటారు. రెండూ ఒకటే. గుడ్డు పగిలి పురుగు వస్తుంది. అది తిని తిని, కొన్నిసార్లు కుబుసం విడిచి, చివరకు తిండి మాని కోశస్థ దశకు పోతుంది. అందులోనుంచి రెక్కలతో బయటకు వస్తుంది. పంటను తినేది బిడ్డ. ఎగిరివచ్చి గుడ్లు పెట్టేది తల్లి. బిడ్డకేమో మనవాళ్ళు ఊరికొక పేరు పెట్టారు: లద్దె పురుగు, దాసరి పురుగు, మొగి పురుగు, కంబళి పురుగు. తల్లులకు మాత్రం అన్నిటికీ కలిపి ఒక్కటే పేరు, రెక్కల పురుగు. పుస్తకాలలో శలభమనీ చిమ్మట అనీ వ్రాస్తారు గాని, చిమ్మట అంటే కొన్ని ఊళ్ళలో కీచుమని అరిచే పురుగు. కనుక నేను కూడా మీ మాటనే వాడుతాను.

సీతాకోకచిలుక దీనికి దగ్గర చుట్టమే. తేడా తెలియాలంటే మీసాలు చూడండి. సీతాకోకచిలుక మీసం కొనన చిన్న గుండులాంటిది వుంటుంది. రెక్కల పురుగు మీసం దారంలాగానో, ఈకలాగానో వుంటుంది. సీతాకోకచిలుక వాలినప్పుడు రెక్కలు సాధారణంగా నిలువుగా మూస్తుంది. రెక్కల పురుగు చాపలాగా పరచిగాని, పూరింటి కప్పులాగా వాల్చిగాని కూర్చుంటుంది. మన దేశంలో సీతాకోకచిలుకలు 1,300 రకాలకు పైగా వుంటే, రెక్కల పురుగులు 10,000 రకాలకు మించి వున్నవి. ఇందులో పంటకు కీడు చేసేవి చాలా కొద్ది. హాంప్సన్ అనే శాస్త్రజ్ఞుడు 1892 నుంచి 1896 దాకా నాలుగు సంపుటాలలో ఈ దేశపు రెక్కల పురుగుల వర్ణన అచ్చువేయించాడు. అంత పుస్తకం రైతు చదవనక్కరలేదు. తన చేనికి సంబంధించిన ఎనిమిది పదింటిని ముఖం చూసి పోల్చగలిగితే చాలును.

నందికొండ దగ్గర 1955 డిసెంబరు 10న నెహ్రూగారు ఆనకట్టకు పునాదిరాయి వేశారు. 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీగారు కాలువలకు నీరు వదిలారు. ఎడమ కాలువ కింద హాలియా, మిర్యాలగూడెం వైపు వరి వచ్చింది. వరితోపాటు వరి పురుగూ వచ్చింది. కాలువ ఎక్కని దేవరకొండ, చందంపేట చెలకల్లో, ఇంకా పడమరకు పోతే అచ్చంపేట, కల్వకుర్తి దుబ్బల్లో ఆముదం, జొన్న, కంది, తరువాత పత్తి. బోరు పడినచోట బత్తాయి. పంట ఏదో పురుగు అది. అందుచేత పక్కపక్క మండలాలలోనే దీపానికి వచ్చే పురుగులు వేరుగా వుంటవి. పొరుగూరివాడు కొట్టిన మందు మన చేనికి పనికిరాకపోవటానికి ఇదీ ఒక కారణం.

చెలక రైతుకు అందరికంటె ముందు కనిపించేది ఎర్ర గొంగళి పురుగు తల్లి. దీని శాస్త్రీయనామం అంసాక్టా ఆల్బిస్ట్రైగా. ముందు రెక్కలు గోధుమ వన్నె, వాటిమీద తెల్లని చారలు, రెక్క ముందరి అంచు వెంబడి పసుపుపచ్చని గీత. వెనుక రెక్కలు తెలుపు, వాటిమీద నల్లమచ్చలు. అంచున గీత పసుపుగాక ఎరుపుగా వుంటే అది దాని తోబుట్టువులాంటి మూరై అనే రకం. నడవడి రెండింటిదీ ఒకటే.

నిరుడు పంట తిని బలిసిన పురుగులు గట్ల పక్కన, చెట్ల నీడన, కంప కింద మన్నులోకి జానెడు లోతుకు పోయి, కోశస్థ దశలో తొమ్మిది పది మాసాలు కదలక మెదలక పడివుంటవి. తొలకరిలో భూమి బాగా తడిసేటట్టు పెద్ద వాన పడగానే, రెండు మూడు రోజులలో రెక్కలతో పైకి లేస్తవి. ఒక్కొక్క తల్లి వందల కొద్దీ గుడ్లు కుప్పలుగా పెడుతుంది. అప్పుడే మొలిచిన ఆముదం, వేరుశనగ, అలసంద రెండాకుల మీద వుండగానే వాటి పిల్లలు మీదపడితే, ఆ రైతు మళ్ళీ విత్తనం కొనుక్కోవలసిందే. మళ్ళీ విత్తే పదును వుంటుందో వుండదో దేవుడికెరుక.

ఐతే ఈ పురుగు ఊరంతటా ఒక్కసారే లేస్తుంది గనుక, ఊరంతా ఒక్కసారే దీనిని ఎదుర్కొనటానికి కూడా వీలున్నది. 1980ల చివరి సంవత్సరాలలో తెలంగాణ మెట్టలలో ఆముదం రైతులను ఈ పురుగు బాగా ఏడిపించింది. అప్పుడు సెంటర్ ఫర్ వరల్డ్ సాలిడారిటీ వంటి స్వచ్ఛంద సంస్థలు, నూనెగింజల శాస్త్రజ్ఞులు గ్రామాలవారితో కలసి చేసిన పని ఏమంటే, మందు సంగతి పక్కనపెట్టి తల్లిపురుగు లేచే రోజును కనిపెట్టి వుండటం. పెద్ద వాన పడిన రెండవ రాత్రి మొదలుకొని వారం పదిరోజులు, పొద్దుగూకినది మొదలు రాత్రి 10 గంటల దాకా, చేల గట్లమీద కంప, పొరక, చెత్త పోగువేసి మంటలు పెట్టారు. ఆ వెలుతురుకు వచ్చినవి వచ్చినట్టు మంటలో పడినవి. పొట్ట నిండా గుడ్లున్న తల్లి ఒక్కటి పడితే, చేలో వందల పురుగులు పుట్టకముందే పోయినట్టు లెక్క.

ఇందులో ఒక మెలిక వున్నది. ఊళ్ళో ఒక్కడే మంట పెడితే పదిమంది చేలలోని పురుగు అతని చేనికి వస్తుంది. మంటలో పడనివి అక్కడే వాలి గుడ్లు పెడతవి. కనుక పెడితే ఊరంతా పెట్టాలి, లేకపోతే మానాలి. దండోరా వేయించి, ఎవరి గట్టున ఎవరు కట్టె వేయాలో ముందే అనుకొని చేసిన ఊళ్ళలో పని జరిగింది. విస్తరణ ఉద్యోగులకు ఇక్కడ చేతినిండా పని వున్నది. మందు పేరు వ్రాసి ఇవ్వటం కంటె నలభై మందిని ఒక రాత్రి గట్లమీదకు తేవటం కష్టమైన పని. పాత టైర్లు మాత్రం కాల్చవద్దు. ఆ పొగ పురుగుకంటె ముందు పిల్లలకు తగులుతుంది.

మంటలు దాటిపోయినవి కొన్ని వుండనే వుంటవి. గుడ్లు పగిలిన మొదటి రోజులలో పిల్లపురుగులు ఆకు అడుగున గుంపుగా వుండి పచ్చదనం గీకి తింటవి. ఆకు జల్లెడలాగా కనిపిస్తుంది. ఆ ఆకును తుంచి గుంతలో వేసి పూడ్చాలి. వొళ్ళంతా బొచ్చు వచ్చిందంటే మందు సరిగా అంటదు. అవి దండు కట్టి చేను నుంచి చేనుకు నడుస్తవి. అప్పుడు చేని చుట్టూ అడుగు లోతు కందకం తీసి, అందులో జిల్లేడు కొమ్మలు, అడవి ఆముదం కొమ్మలు వేస్తే వాటి దగ్గర పోగవుతవి. వేసవి దుక్కి దున్నిన చేలలో కోశాలు పైకి తేలి ఎండకు మాడిపోతవి, కొంగలు గోరింకలు ఏరుకొని తింటవి. ఇది ఖర్చులేని పని.

దీపానికి పురుగు ఎందుకు వస్తుందని అడిగేవారున్నారు. వెలుతురు మీద మోజు అని మన కవులు అన్నారు. 2024లో ప్రచురితమైన ఒక పరిశోధన ఇంకొక మాట చెప్పింది. ఎగిరే పురుగు రాత్రివేళ వెలుతురు ఏవైపు వుంటే అదే ఆకాశమనుకొని ఆ వైపు వీపు తిప్పుతుంది. ఆకాశానికి వీపు తిప్పితే తిన్నగా ఎగురుతుంది; దగ్గరలో వున్న దీపానికి వీపు తిప్పితే దాని చుట్టూ గిరగిర తిరగవలసి వస్తుంది. అంటే అది దారి తప్పిన పురుగు. అందువల్లనే, మంటలు ఈ ఒక్క పురుగుకు, ఈ కొద్ది రాత్రులకు మాత్రమే అని నేను గట్టిగా చెప్పుతాను. సంవత్సరం పొడుగునా దీపపు ఎరలు వెలిగించి పెడితే చచ్చేవాటిలో మనకు సాయం చేసేవీ చాలా వుంటవి.

ఆ సాయం చేసేది ఎట్లా వుంటుందో చూడాలంటే ఆముదపు చేనికి పోదాం. మునుపటంత ఆముదం ఇప్పుడు మన జిల్లాలలో లేదు. చాలా చెలకలు పత్తికి పోయినవి. వున్న చేలలో ఆగస్టు, సెప్టెంబరు మాసాలలో ఆకులు ఈనెలు మాత్రం మిగిలి గొడుగు కమ్ముల్లాగా నిలబడివుంటే అది దాసరి పురుగు పని. నామాల పురుగని కూడా అంటారు. నడుము పైకెత్తి, వంచి వంచి నడుస్తుంది. శాస్త్రీయనామం అఖియా జనాటా. దీని తల్లిని పోల్చటానికి వెనుక రెక్క తెరిచి చూడాలి. నల్లటి రెక్కకు అడ్డంగా తెల్లని పట్టె, బయటి అంచున మూడు తెల్లని మచ్చలు. ముందు రెక్కలు మూసుకొని కూర్చుంటే ఉత్త ఎండుటాకే. ఆకు అడుగున ఒక్కొక్కటిగా గుడ్లు పెడుతుంది.

ఇప్పుడు చేనిలోకి దిగి, మందు సంగతి తలచకముందు, పది మొక్కలు నిదానంగా చూడండి. కొన్ని పురుగులు ముట్టుకున్నా కదలవు, తినవు, ఆకుకు అంటుకొని వుంటవి. అట్లాంటిదానిని మెల్లగా తిప్పి, తోక వైపు కాళ్ళ మధ్య చూడండి. వడ్లగింజకన్నా చిన్నదైన గూడు ఒకటి అంటుకొని వుంటుంది. అది దాసరి పురుగు గుడ్డు కాదు, దాని పిల్లా కాదు. స్నెల్లీనియస్ మాక్యులిపెన్నిస్ అనే చిన్న కందిరీగ జాతి ఈగ కట్టిన గూడు. పాత పుస్తకాలలో దీనినే మైక్రోప్లైటిస్ అని వ్రాశారు. ఈ ఈగ చిన్న పురుగును వెతికి పట్టుకొని దాని వొంట్లోకి గుడ్డు దించుతుంది. గుడ్డునుంచి పుట్టినది లోపలే పెరిగి, బయటకు వచ్చి ఆ గూడు కట్టుకుంటుంది. పురుగు తిండి మాని చస్తుంది. వారం తిరగకుండా ఆ గూటిలోనుంచి ఇంకొక ఈగ వచ్చి ఇంకొక పురుగును వెతుకుతుంది. కూలి అడగదు, మందు బిల్లు పంపదు.

మొక్కకు ఒకటి రెండు ఇట్లాంటి పురుగులు కనిపిస్తే మందు కొట్టవద్దని నూనెగింజల శాస్త్రజ్ఞుల సలహా. ఏలనగా మందుకు పురుగుకంటె ఈగ ముందు చస్తుంది. ఈగ పోయిన చేనిలో తరువాతి తరం పురుగును ఆపేవాడు వుండడు. అప్పుడు రెండవసారి, మూడవసారి కొట్టవలసి వస్తుంది. ఆముదం మొక్క కొంత ఆకు పోయినా తట్టుకుంటుంది. పావువంతు ఆకు పోయేదాకా దిగుబడికి ముప్పు లేదు. ఈగలూ లేక, ఆకు పావువంతుకు మించి పోతుంటే అప్పుడు కొట్టండి. అప్పుడు కూడా పురుగును మాత్రమే చంపి ఈగను వదిలే బాసిల్లస్ తురింజెన్సిస్ పొడి వున్నది. దీని ఒక రకాన్ని రాజేంద్రనగర్‌లోని నూనెగింజల పరిశోధన సంస్థవారే ఆముదం కోసం తయారుచేశారు. పురుగు చిన్నదిగా వున్నప్పుడు, సాయంత్రం పూట కొట్టితేనే అది పనిచేస్తుంది. ఎకరాకు పది పదిహేను పంగల కర్రలు పాతితే ఏట్రింతలు, గోరింకలు వాటిమీద వాలి మిగిలినది చూసుకుంటవి.

ఇక బత్తాయి. బత్తాయికి నల్లగొండ పేరుపొందినది గనుక ఇక్కడ కొంచెం ఎక్కువసేపు ఆగుతాను.

వానాకాలపు చివర కాయ రంగు తిరిగే వేళకు తోటలో కాయలు రాలుతవి. రాలిన కాయను చేతిలోకి తీసుకొని చూస్తే సూదితో పొడిచినట్టు చిన్న రంధ్రం వుంటుంది. నొక్కితే రసం చిమ్ముతుంది. రంధ్రం చుట్టూ తొక్క మెత్తబడి కుళ్ళు పట్టివుంటుంది. రైతు పగలంతా తోట తిరుగుతాడు, ఆకు తిప్పుతాడు, పురుగు ఒక్కటీ కనబడదు. పోషకాల లోపమని ఒకడు చెప్పుతాడు, తెగులని ఒకడు. మందుల దుకాణం ఆయన రెండింటికీ మందులు ఇస్తాడు. రెండూ కొట్టినా రాలేది రాలుతూనే వుంటుంది, ఏలనగా దొంగ పగలు తోటలో లేడు.

చీకటిపడిన తరువాత టార్చి పట్టుకొని తోటలోకి పోండి. వెలుతురు పడగానే కాయ మీద రెండు కళ్ళు నిప్పుకణికల్లాగా మెరుస్తవి. అది రసం పీల్చే రెక్కల పురుగు. రెక్కలు చాస్తే మన అరచేయంత వుంటుంది. ముందు రెక్కలు అచ్చంగా ఎండుటాకు. వెనుక రెక్కలు పసుపు కలిసిన నారింజ రంగు, నల్లటి అంచు. నడుమ గుండ్రని నల్లచుక్క వుంటే యూడోసిమా మెటర్నా, మూత్రపిండం ఆకారంలో నల్లమచ్చ వుంటే యూడోసిమా ఫలోనియా. రెక్కల పురుగులలో చాలావాటికి తొండం మెత్తనిది, పూలలో తేనె పీల్చటానికి మాత్రమే పనికివస్తుంది. వీటి తొండం కొన గట్టిగా, ముళ్ళతో వుండి తొక్కను తొలుచుకొనిపోతుంది. ఇవి పొడిచిపోయిన కాయల మీదకు రసం కోసం ఇంకా ఎన్నో రకాలు చేరుతవి. ఆ గుంపులో మన దాసరి పురుగు తల్లి కూడా కనిపిస్తుంది. ఆముదం చేనూ బత్తాయి తోటా పక్కపక్కన వున్న రైతుకు బిడ్డ ఒకచోట, తల్లి ఒకచోట నష్టం పెడుతుందన్నమాట.

ఇంతవరకు తెలిసినా, దీని బిడ్డలు ఎక్కడ పెరుగుతవని అడిగితే చాలామంది తోటరైతులు బత్తాయి ఆకు మీదనే అంటారు. కాదు. యూడోసిమా పురుగు బత్తాయి ఆకు ముట్టదు. అది తినేది తిప్పతీగ, దూసరితీగ. మీ తోట కంచె మీద, పక్క పోరంబోకులో వేపచెట్టు మీద అల్లుకొని వుండే తీగలే. వాటి ఆకుల మీద, పక్కన రెండు పెద్ద కళ్ళలాంటి చుక్కలున్న పురుగు, తల వంచి తోక ఎత్తి కూర్చునివుంటే, రేపు మీ బత్తాయి పొడిచేది అదే. కనుక వానాకాలం మొదట్లోనే కంచె తిరిగి ఈ తీగలను చూడాలి. తోటకు ఆనుకొని వున్నవాటిని వేళ్ళతో తీసెయ్యాలి. తిప్పతీగ వైద్యానికి పనికివచ్చే మొక్క. ఊరంతటా నరకమని నేను చెప్పటం లేదు. తోట కంచె మీద వుండకూడదు, అంతే. రాలిన కాయలను ప్రతి ఉదయం ఏరి పూడ్చిపెట్టాలి, కుళ్ళిన వాసనకే మిగిలినవి వస్తవి. పొద్దుగూకే వేళ తోటలో పొగ వేయటం పాత పద్ధతే గాని పనికిమాలినది కాదు. కొద్ది చెట్లున్నవారు కాయలకు సంచులు తొడగవచ్చు. పగటిపూట చెట్టు మీద మందు కొట్టటం మాత్రం డబ్బు గాలికి చల్లటమే.

వరి సంగతి మీకు తెలిసినదే గనుక క్లుప్తంగా చెప్పుతాను. మొగి పురుగు తల్లి ఎండుగడ్డి రంగులో వుంటుంది. ఆడదాని ముందు రెక్కలు రెండింటి మీదా ఒక్కొక్క నల్లచుక్క. నారు ఆకు కొనల దగ్గర గుడ్లు కుప్పగా పెట్టి పైన వెంట్రుకలు కప్పుతుంది. నాటే ముందు నారు కొనలు తుంచటానికి కారణం ఇదే. కొనలు తుంచి అక్కడే మడిలో పారేస్తే లాభం లేదు, దూరంగా వేయాలి.

పత్తి రైతు మాత్రం రాత్రి మేలుకొని చూడనక్కరలేదు. లింగాకర్షక బుట్ట అతనికి బదులు చూస్తుంది. ఆడ పురుగు మగదానిని పిలవటానికి వదిలే వాసనను శాస్త్రజ్ఞులు తయారుచేసి ఎరలో పెట్టారు. గులాబీ రంగు పురుగు వాసనను 1973లో కనిపెట్టారు. ఏ జాతి వాసనకు ఆ జాతి మగదే వస్తుంది గనుక, సరియైన ఎర పెడితే పురుగు పేరు బుట్టే చెప్పుతుంది. శనగపచ్చ పురుగు ఎర పెట్టి గులాబీ పురుగు పడలేదని ధైర్యంగా వుండేవారున్నారు. ఎర పొట్లం మీది పేరు చదివి కొనండి. వరుసగా మూడు రోజులు, బుట్టకు రోజుకు ఎనిమిది చొప్పున గులాబీ పురుగు తల్లులు పడితే అప్పుడు కదలాలి. పడకపోతే మందు కొట్టనక్కరలేదు. 2006లో వచ్చిన బీజీ-2 విత్తనాన్ని ఈ పురుగు కొన్నేళ్ళకే తట్టుకోవటం నేర్చింది. విత్తనం కాపాడుతుందని కూర్చున్నవారు కాయ పగిలిన తరువాత గాని చూడలేదు. చూచిన తరువాత తొందరపడి రెండు మూడు మందులు కలిపి కొట్టారు. 2017లో మన పక్కనే మహారాష్ట్రలో యవత్మాల్ జిల్లాలో పత్తికి మందు కొట్టుతూ ఇరవైమందికి పైగా విషమెక్కి చనిపోయారు. మందు డబ్బా ఎత్తేముందు పురుగు పేరు అడగమని నేను ఇంతగా చెప్పటానికి కారణం దిగుబడి ఒక్కటే కాదు.

పేరు తెలియకపోతే ఏమవుతుందో మక్క రైతులు 2018లో చూచారు. ఆ సంవత్సరం మే నెలలో కర్ణాటకలో మొదట కనుగొన్న కత్తెర పురుగు ఆ ఏడే మన చేలలో దిగింది. పొగాకు లద్దె పురుగే గదా అనుకున్నవారు చాలామంది. తల మీద తెల్లని గీతలు తిరగేసిన ఇంగ్లీషు వై అక్షరంలాగా వుండటం, తోక దగ్గర నాలుగు చుక్కలు చదరంగా వుండటం దీని గుర్తు. ఆ గుర్తు తెలిసినవాడు సుడిలోకి పోయిన పురుగును సుడిలోనే పట్టాడు.

ఇంతసేపూ చెడ్డవాటి మాటే చెప్పాను. మిగిలిన వేల రకాలు ఏంచేస్తున్నవి? నందికొండ ఆనకట్ట దీపాల దగ్గర సందెవేళ నిలబడి చూడండి, గబ్బిలాలు ఎట్లా తిరుగుతవో. వాటి తిండిలో రెక్కల పురుగులది పెద్ద వాటా. గింజలు తినే పిచ్చుక కూడా తన పిల్లలను పెంచేది మెత్తని పురుగులతోనే. చేలో పురుగన్నదే లేకపోతే ఏట్రింత మీ పంగల కర్ర మీద ఎందుకు వాలుతుంది? ఇక పూల సంగతి. రాత్రి విచ్చి సువాసన వెదజల్లే తెల్లని పూలు చాలావాటికి పెళ్ళిపేరయ్యలు రెక్కల పురుగులే. బొప్పాయి తోట వున్నవారు సందెచీకట్లో పూల దగ్గర నిలబడితే, చిన్న పిట్టంత వున్న రెక్కల పురుగు గాలిలో నిలిచి పొడుగాటి తొండం పూవులోకి చాచటం కనబడుతుంది. వీటి జాతిలోనిదే ఇంకొకటి, తోకమీద కొమ్మున్న పచ్చని పురుగుగా నువ్వు చేలో ఆకు తిని, పెద్దదై తేనెపట్టులో దూరి తేనె దొంగిలిస్తుంది, పట్టుకుంటే కీచుమంటుంది. మంచీ చెడ్డా ఒకే ఇంట్లో వుంటవి మరి. 2016 దాకా నల్లగొండ జిల్లాలోనే వుండిన పోచంపల్లిలో నేసే పట్టుచీర దారం కూడా రెక్కల పురుగు బిడ్డ కట్టిన గూడే గదా!

గుర్తుపట్టటం నేర్చుకోవాలనే పిల్లలకూ, విస్తరణ ఉద్యోగులకూ ఖర్చులేని పద్ధతి ఒకటి చెప్పుతాను. అమావాస్యకు దగ్గర రాత్రి, గాలి లేనప్పుడు, గోడకు తెల్లని పంచె కట్టి ముందు దీపం పెట్టండి. రాత్రి 7 గంటలకు ఒకసారి, 9 గంటలకు ఒకసారి, వీలైతే తెల్లవారుజామున ఒకసారి చూడండి. ఒక్కొక్క రకం ఒక్కొక్క వేళకు వస్తుంది. చంపనక్కరలేదు. రెక్కలు మూసినప్పుడు ఒకటి, వెనుక రెక్క కనిపించేటట్టు ఒకటి, సెల్‌ఫోనుతో రెండు బొమ్మలు తీయండి. తేదీ, ఊరు, చుట్టూ వున్న పంట వ్రాసి పెట్టుకోండి. ఆ తరువాత దీపం ఆర్పితే వాటి దారిన అవి పోతవి. తెలియనిదానిని కంపాసాగరం కృషి విజ్ఞాన కేంద్రంలోగాని, పాలెం పరిశోధన స్థానంలోగాని చూపించవచ్చు. రెండు వానాకాలాలు ఇట్లా వ్రాసిన నోటుబుక్కు ఒకటి ఊళ్ళో వుంటే, ఏ పురుగు ఎప్పుడు లేస్తుందో పంచాంగంలాగా చెప్పవచ్చును.

బిడ్డకూ తల్లికీ చుట్టరికం కళ్ళతో చూడాలనుకుంటే, చేలో దొరికిన పురుగును అది తింటున్న ఆకుతోసహా గాజుసీసాలో వేసి, మూతికి పలుచని గుడ్డ కట్టండి. అడుగున రెండంగుళాల మన్ను పోయండి. కొన్ని మన్నులోకి పోయిగాని కోశం కట్టవు. ప్రతిరోజూ తాజా ఆకు వెయ్యాలి, పాతది తీసెయ్యాలి, నీళ్ళు చల్లకూడదు. పది పదిహేను రోజులకు రెక్కల పురుగు వస్తే దాని బొమ్మ తీసుకోండి. ఆముదపు పురుగును పెట్టిన సీసాలోనుంచి రెక్కల పురుగుకు బదులు చిన్న నల్లని ఈగ బయటకు వచ్చిందనుకోండి, సీసాను చేను నడుమకు తీసుకొనిపోయి గుడ్డ విప్పండి.